తెర వెనక ఏడో నంబరు

(పదిహేడో భాగం)

పోయిన వారం మనం సైకాల్‌ను బిష్కెక్ నగర వాద్యశాలలో, పరీక్ష జరుగుతున్న హాల్లో వదిలి వచ్చాం. నీలం మఖమల్ తెరకు ఇవతల ఐదుగురు తీర్పరులు. అవతల ఒకరి తర్వాత ఒకరుగా పద్నాలుగు మంది వయొలిన్ వాద్యకారులు. పేర్లు లేవు. కల్పక్ టోపీలోంచి తీసుకున్న నంబర్లే ఉన్నాయి. ఆ తెర కోసం కార్మిక సంఘం రెండేళ్లు కొట్లాడింది. వాయించేది ఎవరో కనబడకపోతే ఎవరి బంధువో, ఎవరికి గిట్టనివాళ్లో తెలియదు, చెవి ఒక్కటే తీర్పు చెబుతుందన్నది సంఘం వాదన. సంఘం అధ్యక్షురాలిగా సైకాల్‌కు తీర్పరుల్లో ఒక కుర్చీ దక్కింది; మిగతా నలుగురు వాద్యశాల డైరెక్టరు, చేతికర్రతో బృందాన్ని నడిపే నిర్దేశకుడు, మంత్రిత్వశాఖ మనిషి, కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల పెద్దాయన. ఐదుగురిలో ముగ్గురు వద్దంటే ఆ మనిషి ఉద్యోగం పోయినట్టే.

ఏడో నంబరు మొదలుపెట్టగానే సైకాల్ ఆ వయొలిన్‌ను గుర్తుపట్టింది. మూడో తీగ మీద జలుబు చేసిన గొంతులా కాస్త ముక్కుతో పలికే వాయిద్యం ఆ భవనంలో ఒక్కటే ఉంది. అది వాద్యశాల సొత్తు. దాన్ని ఇరవై ఏళ్లు వాయించిన మనిషి దేశం విడిచి వెళ్లిపోయాక డైరెక్టరు సోవెత్‌బెక్ ఎవరినీ అడగకుండా దాన్ని తన కోడలు జామల్ చేతిలో పెట్టాడు. ఆ అమ్మాయికి ఉద్యోగం కూడా అలాగే వచ్చింది, ఏ పరీక్షా లేకుండా. సైకాల్ పెన్సిలు తీసుకుని 'వద్దు' అన్న గడిలో గీత గీసింది. చీటీ పెట్టెలో పడింది. కాసేపటికి పదకొండో నంబరు మొదలైంది. అదే వయొలిన్ మళ్లీ పలికింది.

ఆ రెంటిలో ఒక్కటే జామల్ వాయించినది. మరి రెండోది ఎవరు?

సోమవారం పొద్దున ఆ జవాబు టైపు కొట్టిన కాగితమై సంఘం గదికి వచ్చింది. గది అంటే మెట్ల కింది జాగా. సోవియట్ కాలంలో సంఘం వాళ్లు అక్కడ కూర్చుని ఇసిక్-కుల్ సరస్సు ఒడ్డు విశ్రాంతి గృహాలకు చీటీలు, చలికాలానికి బంగాళాదుంపల బస్తాలు పంచేవాళ్లు. ఆ ప్రభుత్వం పోయింది, ఆ చీటీలు పోయాయి, జెండా తగిలించిన మేకు మాత్రం గోడకు మిగిలింది. ఇప్పుడు సైకాల్ తన కోటు దానికి తగిలించుకుంటుంది.

కాగితంలో ఉన్నది నాలుగు ముక్కలు. ఏడో నంబరు, ఎర్నా ఫ్రీజెన్, రెండో వయొలిన్లు, మొదటి స్టాండు. ఉంచమన్నవారు ఇద్దరు, వద్దన్నవారు ముగ్గురు. ఒకటో తేదీ నుంచి తొలగింపు. చట్టప్రకారం సంఘం సమ్మతి కోరడమైనది.

సైకాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. రెండో వయొలిన్లు, మొదటి స్టాండు. రెండో వయొలిన్ల జట్టులో ఇద్దరికి ఒకటి చొప్పున ఉండే స్వరాల స్టాండ్లలో మొదటిది, అది తనది కూడా. ఇరవై రెండేళ్లుగా ఆ స్టాండుకు ఒక పక్క తను, ఒక పక్క ఎర్నా. పేజీ తిప్పేది ఎర్నా. తను కమాను ఎత్తకముందే ఎర్నా చెయ్యి కాగితం అంచున ఉండేది.

తలుపు తోసుకుని మెలిస్ వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, రెండో వయొలిన్లలో ఆఖరి స్టాండు, సంఘం కమిటీలో సభ్యుడు. బుగ్గలో ఎండు పెరుగు కురుత్ ఉండ పెట్టుకుని చప్పరిస్తూ మాట్లాడతాడు, నోరు తెరిచే ముందు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి చిన్నగా దగ్గుతాడు.

"చూశావా అక్కా, పద్నాలుగు మందిలో పదమూడు మందిమి బతికి బట్టకట్టాం. డైరెక్టరు మొహం చూడాలి. విందుకి పిలిచి ఖాళీ పళ్లెం పెట్టినట్టుంది."

"ఒకరు పోయారు కదా మెలిస్."

"ఎర్నా అక్క సంగతి మాట్లాడదామనే వచ్చాను. సమ్మతించం అని రాసి పడెయ్. ఆ హక్కు మనకుంది కదా."

"హక్కుంది. కారణం రాయాలి. కారణం లేకపోతే పది రోజుల్లో వాళ్ల కాగితమే చెల్లుతుంది."

"కారణాలకేం కరువు? చలికి వేళ్లు కొంకర్లు పోయాయని రాయి. నవంబరు నెలాఖరు దాకా ఈ భవనంలో గదులు వెచ్చబరిచే గొట్టాలు వేడెక్కవని ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు."

"చలి అందరికీ ఒక్కటే అంటారు."

"అంటారులే. వాళ్లనకపోతే మనకి సంఘమెందుకు?" మెలిస్ కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. "మా ఆవిడ బోర్సోక్ పిండి ఉండలు వేయించి పంపింది. నీకు రోజూ మొక్కుతోంది. హాలు పెళ్లిళ్లకి అద్దెకిచ్చి, ఆ పెళ్లిళ్లలో మా చేత ఊరికే వాయిస్తున్నారని పత్రిక వాళ్లకి చెప్పింది నేనేనని డైరెక్టరుకి తెలుసు. తెర లేకపోయుంటే నేను శ్రుతి చేసుకునేలోపే నన్ను గెంటేసేవాడు. నీ తెరే నన్ను బతికించింది అక్కా."

సైకాల్ పొట్లం వైపు చూసింది తప్ప విప్పలేదు. "మధ్యాహ్నం రిహార్సల్ విరామంలో సభ్యులందరూ కలవాలని చెప్పు. అప్పుడు మాట్లాడదాం," అంది.

మెలిస్ వెళ్లిన పది నిమిషాలకు డైరెక్టరు సోవెత్‌బెక్ వచ్చాడు. ఆ గదిలోకి ఆయన అడుగు పెట్టడం అదే మొదటిసారి. తల తగులుతుందని మెట్ల కింద వంగి నిలబడ్డాడు. ఆ వంగడం చూస్తే మర్యాద చేస్తున్నట్టే ఉంది.

"ఎలా ఉన్నారక్కా? మోకాళ్ల నొప్పి తగ్గిందా?"

"తగ్గలేదు. కూర్చోండి."

"కూర్చోను, రెండు మాటలే." ఆయన గొంతు తగ్గించాడు. "నిన్న భోజనాల దగ్గర మా జామల్ ఒక సంగతి చెప్పింది. పరీక్షకి పది నిమిషాల ముందు ఎర్నా వయొలిన్ మెడ ఊడిందట. మా పిల్ల తన వయొలిన్ ఇచ్చిందట. నాకు నోట్లో ముద్ద దిగలేదక్కా. ఎందుకంటే ఏడో నంబరు మొదలవగానే అది మా పిల్లేననుకున్నాను నేను. ఆ ముక్కు గొంతు మా ఇంట్లో రోజూ వింటాను కదా. ఉంచమని వేశాను."

సైకాల్ బల్ల మీది కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

"మంత్రిత్వశాఖ ఆయన కూడా ఉంచమనే వేశానని చెప్పాడు. ఇక మిగిలింది ముగ్గురు. మీరు ఆ వయొలిన్‌ని గుర్తుపట్టకుండా ఉంటారా? మనిద్దరం ఒకే చెవితో విన్నామక్కా. నేను మా పిల్ల అని ఉంచమన్నాను, మీరు మా పిల్ల అని వద్దన్నారు."

"ఇప్పుడేం కావాలి మీకు?"

"నాకేం వద్దు. మీ స్నేహితురాలు ఉండాలనే నేను వేశాను, అది గుర్తు పెట్టుకోండి. మీరు సొంత చేత్తో ఒక కాగితం రాయండి. తెర ఉన్నా వాయించేది ఎవరో గుర్తుపట్టి తీర్పు చెప్పానని. సాయంత్రానికి ఎర్నా తొలగింపు చించేస్తాను. కాకపోతే, తెర వల్ల లాభం లేదని మీరే రాసిచ్చాక తెరెందుకు? పరీక్ష రద్దు చేసి, వచ్చే వారం అందరూ మా ఎదురుగా నిలబడి వాయిస్తారు. పాత పద్ధతి. ఇష్టం లేదంటారా, ఈ కాగితం మీద సమ్మతి సంతకం పెట్టండి. తెర ఉంటుంది, ఎర్నా వెళ్తుంది. ఏది చేసినా నేను మీ మాట కాదనను."

వెళ్తూ తలుపు నెమ్మదిగా దగ్గరకు వేశాడు, లోపల రోగి ఉన్నట్టు.

సైకాల్ టీ కాచుకుంది, తాగలేదు. తెర పోతే ఎవరెవరు పోతారో ఆమెకు తెలుసు. ముందు మెలిస్. తర్వాత, సంఘం రుసుం కట్టే ప్రతి ఒక్కరూ వరసగా. రెండేళ్లు సంతకాలు పోగుచేసి, మంత్రిత్వశాఖ గడప అరిగేలా తిరిగి, చివరికి పాత నాటకాల సామాను గదిలోంచి తెర దులిపి తీయించి, జోళ్ల చప్పుడు కూడా వినపడకూడదని వేదిక మీద తివాచీ పరిపించింది తను. ఎవరూ ఎవరినీ గుర్తుపట్టకూడదని. గుర్తుపట్టిన మొదటి మనిషి తనే అయింది.

రిహార్సల్‌కు ముందు, పదిన్నరకు ఎర్నా వచ్చింది. చేతిలో వయొలిన్ పెట్టె. కోటు విప్పలేదు. అలవాటు ప్రకారం బల్ల పక్క స్టూలు లాక్కుని కూర్చుని పెట్టె తెరిచి చూపించింది. లోపల వయొలిన్ మెడ ఒంటి నుంచి విడిపోయి, తీగలు వదులుగా వేలాడుతున్నాయి.

"మా నాన్నది. తాలాస్‌లో మా ఊరి ప్రార్థన మందిరంలో వాయించేవాడు. అరవై ఏళ్లు ఆగిన జిగురు పరీక్ష రోజే వదిలింది చూడు. నెల రోజులుగా వేడి లేని ఈ భవనంలో చెక్క చలికి బిగుసుకుపోయింది కదా."

"మాకెందుకు చెప్పలేదు? వాయిదా అడిగేవాళ్లం."

"ఎవరితో చెప్పను? తీర్పరుల ముందుకి వచ్చి, నేను ఎర్నాని, నా వయొలిన్ ఊడింది అంటే తెరెందుకు మరి? నోరు విప్పకూడదని రూలు పెట్టింది నువ్వే." ఆమె పెట్టె మూసింది. "నడవలో అందరూ ఉన్నారు. అందరూ తమ తమ వయొలిన్లని చంకలో బిడ్డల్లా అదుముకున్నారు. తప్పనను. నేనైనా అంతే చేసేదాన్ని. ఆ జామలే వచ్చింది. నేను అడగలేదు సైకాల్. మూడేళ్లలో ఆ పిల్లతో నేను మూడు మాటలు మాట్లాడి ఉండను. 'పిన్నిగారూ, నాది తీసుకోండి, మూడో తీగ దగ్గర కొంచెం మొండి చేస్తుంది, కమాను బరువు తగ్గించండి' అంది. తగ్గించాను. అయినా జారింది. రెండు చోట్ల శ్రుతి తప్పాను, నాకు తెలుసు."

"మరీ అంత తప్పలేదు," అంది సైకాల్.

"విన్నావుగా. ఇద్దరు వద్దన్నారంటే ఒప్పుకుంటాను. మన నిర్దేశకుడికి ఎవరూ ఆనరు, ఆ కన్సర్వేటరీ పెద్దాయనకి దేవుడొచ్చి వాయించినా నచ్చదు. మూడోది మంత్రిత్వశాఖ మనిషే అయ్యుండాలి. నువ్వు వెళ్లి ఆయనతో మాట్లాడు. వయొలిన్ ఊడిందని చెప్పు. ఒక్క ఓటు మారితే చాలు నాకు."

సైకాల్ రొట్టె పళ్లెం ఆమె వైపు జరిపింది. "ముందు కాస్త తుంచుకో."

"మాట్లాడతావా ఆయనతో?"

"ఆయన ఉంచమనే వేశాడు ఎర్నా."

"నీకెలా తెలుసు?"

"డైరెక్టరు చెప్పాడు."

"డైరెక్టరు మాట నువ్వెప్పటి నుంచి నమ్ముతున్నావు? వద్దని వేసింది ఆయనే అయ్యుంటాడు."

"ఆయనా ఉంచమనే వేశాడు. జామల్ అనుకుని."

ఎర్నా చిన్నగా నవ్వింది. "అయితే ఆ పిల్ల పుణ్యాన ఒకటి పడిందన్నమాట." ఆ నవ్వుతోనే ఎడమ చేతి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. డైరెక్టరు ఒకటి. మంత్రిత్వశాఖ రెండు. అక్కడికి ఉంచమన్నవి అయిపోయాయి. నిర్దేశకుడు మూడు. కన్సర్వేటరీ నాలుగు. చిటికెన వేలు మిగిలింది. తీగల మీద ఒరుసుకుని కొన కాయగాసిన వేలు. ఎర్నా దాన్ని మడవలేదు. దానికేసి చూస్తూ కూర్చుంది.

సైకాల్ ఆ వేలినే చూస్తూ అంది, "జామల్ అనుకున్నాను."

"ఊఁ."

"ఆ వయొలిన్ పలకగానే నాకు ఒళ్లు మండింది. పరీక్ష లేకుండా వచ్చిన కుర్చీ. వెనక ఇరవై మంది పిల్లలు వరసలో నిలబడి ఉంటే, మామగారి చెయ్యి పట్టుకుని వచ్చి కూర్చున్న మనిషి. ఒక్కసారైనా న్యాయం జరగనీ అనుకున్నాను."

"జామల్ అయితే న్యాయమా?"

సైకాల్ రొట్టె ముక్కల్ని పళ్లెంలో సర్దింది.

"అడుగుతున్నాను చెప్పు. వాయించింది ఎలా ఉందో నువ్వు విన్నావా అసలు? మొదటి నాలుగు స్వరాలకే నీ పెన్సిలు కదిలింది కదా? వయొలిన్‌ని విన్నావు. దాని వెనక ఒక మనిషి చెయ్యి ఉంది, దాన్ని వినలేదు." ఎర్నా గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే సైకాల్‌కు కొంత తేలికగా ఉండేది. "ఇరవై రెండేళ్లు సైకాల్. నీ మోచెయ్యి నా మోచేతికి తగులుతూ కూర్చున్నాం. నా కమాను నీకు తెలియలేదా?"

దానికి జవాబు ఉంది, కానీ అది చెప్పుకోదగ్గ జవాబు కాదు. ఒకే స్టాండు మీద వాయించేవాళ్లు మొదట నేర్చుకునేది పక్క మనిషి విడిగా వినపడకుండా వాయించడం. వినపడితే ఇద్దరిలో ఒకరు తప్పినట్టు. వాళ్లిద్దరూ అంత బాగా నేర్చుకున్నారు. ఇన్నేళ్లలో ఎర్నా ఒంటరిగా వాయించగా సైకాల్ విన్నది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పక్కన లేనప్పుడే తెలిసే మనిషి ఎర్నా. వినడానికి ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

"తెలియలేదు," అంది సైకాల్.

ఎర్నా తల ఊపింది. 

"స్టేషన్లో ఏమన్నావో గుర్తుందా?" అంది ఎర్నా.

గుర్తుంది. ఐదేళ్ల కిందట, తరాలుగా తాలాస్‌లో ఉంటున్న జర్మన్లు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి జర్మనీకి రైలెక్కిన వసంతం. ఎర్నా తల్లి, చెల్లెలు, ఇద్దరు మేనమామలు ఒకే పెట్టెలో. ఎర్నా పేరు మీద కూడా కాగితాలు వచ్చాయి. రెండు సూట్‌కేసులు ప్లాట్‌ఫారం మీద ఉన్నాయి. అక్కడ నీకు ఏ బృందంలో చోటిస్తారు, ఏదో ముసలాళ్ల ఆశ్రమంలో దుప్పట్లు ఉతికిస్తారు, ఇక్కడ నీ కుర్చీ మీద ఎవరి చెయ్యీ పడదు, నేనున్నాను, అని సైకాల్ అంది. ఆ మాటకు ఎర్నా సూట్‌కేసులు చేతుల్లోకి తీసుకుని వెనక్కి తిరిగింది. తల్లి కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. వేలితో అద్దం మీద ఏదో రాసింది, రైలు కదిలేసరికి చెరిగిపోయింది. రెండేళ్లకు ఆ తల్లి పోయిందని తంతి వచ్చింది.

"ఆ రోజు నేను అన్నది నిజమే," అంది సైకాల్. "ఇప్పుడు విను." డైరెక్టరు పెట్టిన మెలిక మొత్తం చెప్పింది. ఏమీ దాచలేదు. తెర, రద్దు, మెలిస్, పాత పద్ధతి.

ఎర్నా అంతా విని, "అయితే పదమూడు మంది కోసం నేను వెళ్లాలి. అంతేనా?" అంది.

"నేనలా అనలేదు."

"అనలేదు. నేను అంటానని కూర్చున్నావు. పర్లేదులే సైకాల్, తెర ఉండనీ, నేను పోతాను, అని నా నోటితో చెబితే, కళ్లు తుడుచుకుని సంతకం పెడతావు." ఎర్నా లేచి నిలబడింది. "అనను. త్యాగం నేను ఒకసారి చేశాను, ప్లాట్‌ఫారం మీద. రెండోదానికి నా దగ్గర ఏం మిగల్లేదు. నాకు ఆ కుర్చీ కావాలి. ఆ కుర్చీ తప్ప ఈ ఊళ్లో నాకు ఇంకేం లేదు. నువ్వు తీశావు, నువ్వే ఇవ్వు. ఎలా ఇస్తావో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు."

"పదమూడు మంది పిల్లాపాపలున్నవాళ్లు ఎర్నా."

"తెలుసు. వాళ్ల పేర్లన్నీ నాకూ తెలుసు. పెన్సిలు పట్టుకున్నప్పుడు ఎంతమందిని తలుచుకున్నావు?"

పెట్టె చంకన పెట్టుకుని తలుపు తీసింది. ఆ దేశంలో ఎంత పోట్లాటైనా, గడప దాటేముందు రొట్టె చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకునే వెళ్తారు. ఇరవై రెండేళ్లలో ఎర్నా ఆ గదిలోంచి రొట్టె ముట్టకుండా వెళ్లడం అదే మొదలు.

పన్నెండున్నరకు రిహార్సల్ ఆగింది. డెబ్బై మంది తమ తమ కుర్చీల్లోనే కూర్చున్నారు, వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని. కొందరు సంచుల్లోంచి భోజనం డబ్బాలు తీశారు. సభ సంఘానిదే అయినా డైరెక్టరు పక్క తలుపులోంచి వచ్చి గోడవార కూర్చున్నాడు. ఆయన కార్యదర్శి ఒళ్లో పుస్తకం తెరుచుకుంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అందరి కళ్లూ సైకాల్ మీదున్నాయి. ఆమె నిర్దేశకుడి దిమ్మ ఎక్కలేదు. తన స్టాండు పక్కనే నిలబడింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఎర్నా హాలు చివర డోళ్లు వాయించేవాళ్ల బల్ల మీద కోటుతోనే కూర్చుని ఉంది.

"ఏడో నంబరు తొలగింపుకి సంఘం సమ్మతించడం లేదు," అంది సైకాల్.

వెనక స్టాండ్లలో ఎవరో చప్పట్లు కొట్టబోయారు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"కారణం చెబుతాను, వినండి. వద్దని వేసిన ముగ్గురిలో నేనొకదాన్ని. వాయించినది విని వెయ్యలేదు. వయొలిన్‌ని గుర్తుపట్టి, అది జామల్ అనుకుని, జామల్ పోవాలని వేశాను. కాబట్టి ఆ ఓటు చెల్లదు."

భోజనం డబ్బాల మూతల చప్పుడు ఆగిపోయింది. జామల్ మొదటి వయొలిన్లలో, మూడో స్టాండులో ఉంది. ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఒళ్లో ఉన్న వయొలిన్‌ను రెండు చేతులతో ఎత్తి, తనది కాని వస్తువును తిరిగి పెట్టేసినట్టు, జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది. అది చూసినప్పుడు సైకాల్‌కు ఎర్నా మాటల కంటే ఎక్కువ నొప్పి కలిగింది. ఆ అమ్మాయి గురించి తనకు తెలిసింది ఒక్కటే, ఆమె ఎవరి కోడలన్నది. నడవలో పద్నాలుగు మందిలో చెయ్యి అందించింది ఆ ఒక్క అమ్మాయే.

"ప్రతి మాటా రాశావా?" అని డైరెక్టరు కార్యదర్శిని అడిగాడు. తర్వాత లేచి, బాధపడుతున్నవాడిలా చేతులు కట్టుకున్నాడు. "అక్క ధైర్యానికి దండం పెట్టాలి. తెర ఉన్నా మనుషులు గుర్తుపడతారని సంఘం అధ్యక్షురాలే ఒప్పుకున్నాక మనం ఏం చేస్తాం చెప్పండి? ఎర్నా తొలగింపు రద్దు. దాంతోపాటు పరీక్ష మొత్తం రద్దు. వచ్చే సోమవారం తెర లేకుండా..."

"ఆగండి, ఆగండి." ఆఖరి స్టాండు దగ్గర మెలిస్ లేచాడు. "ఒకరి కోసం పద్నాలుగు మంది ఎందుకు మళ్లీ వాయించాలి? జరిగింది ఒక్క నంబరు దగ్గర. మాకు తెలిసిన ఆ ముక్కు వయొలిన్ దగ్గర. దాన్ని మా ఇంటి పక్కావిడ కూడా గుర్తుపడుతుంది. తెర తప్పేముంది అందులో? ఎర్నా అక్క ఒక్కతీ మళ్లీ వాయిస్తుంది, మిగతా పదమూడు తీర్పులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి."

హాలంతా ఒక్కసారి ఊపిరి తీసుకుంది. అవును, నిజమే కదా, అన్న మాటలు కుర్చీల మధ్య నుంచి లేచాయి. డైరెక్టరు కార్యదర్శి పుస్తకంలోకి తొంగిచూశాడు.

మెలిస్ సైకాల్ వైపు తిరిగి, ఇక భయం లేదన్నట్టు కన్ను గీటాడు. "అందరి ముందు ఒక్క మాట చెప్పక్కా, వాళ్లు రాసుకుంటారు. ఏడో నంబరు తప్ప ఇంకెవరినైనా గుర్తుపట్టావా నువ్వు?"

అతను తాడు విసిరాడు. పట్టుకుంటే చాలు. లేదు అన్న ఒక్క మాట. ఎర్నాకు కుర్చీ వస్తుంది, తెర నిలుస్తుంది, పదమూడు ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

పద్నాలుగు మందిలో నాలుగో నంబరు కమాను తీగ మీద పెట్టేముందు రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. వరసగా రెండు, తర్వాత ఒక చిన్న దగ్గు. ఆ బృందంలో మెలిస్ ముక్కు చప్పుడు తెలియనివాళ్లు లేరు, దాని మీద జోకులు వేయనివాళ్లు లేరు. నాలుగో నంబరు రెండో పేజీలో పూర్తిగా ఒక వరస మింగేశాడు, చివరి వేగం అందుకోలేకపోయాడు. అయినా పెట్టెలో ఉంచమన్న చీటీలు మూడు పడ్డాయి, వద్దన్నవి రెండు. ఆ మూడింటిలో ఒకటి సైకాల్‌ది. అతని పిల్లలు ముగ్గురు, పత్రికలో వచ్చిన ఆ వార్త, ఆ ధైర్యం, అన్నీ ఆ గీతలో ఉన్నాయి. ఆ గీత గీసినప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. అదీ న్యాయమనే అనుకుంది.

హాలు చివర ఎర్నా లేచి నిలబడింది. ఆమెకూ ఆ ముక్కు చప్పుడు తెలుసు. సైకాల్ ఏం విని ఉంటుందో, ఏం చేసి ఉంటుందో ఆ హాల్లో పోల్చుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఎర్నా ముఖంలో కోపం లేదు, బతిమాలడం లేదు. సైకాల్ ఈసారి ఏం చేస్తుందో చూడాలన్నట్టు చూస్తోంది, అంతే.

"చెప్పండక్కా," అన్నాడు డైరెక్టరు. "రాసుకుంటున్నాం."

కార్యదర్శి కలం కాగితం మీద ఆనించి తలెత్తింది. మెలిస్ ఇంకా నవ్వుతూనే నిలబడి ఉన్నాడు, జవాబు తనకు ముందే తెలిసినట్టు.